కారణం రాయవలసిన గడి

రాయగడలో శనివారం పొద్దున,
పేపరు మిల్లు వాసన వీధుల్లోకి దిగకముందే
పొట్నూరు భుజంగరావుగారు విజయనగరం పాసింజరు దిగి
కొటేషను కవరు నా బల్ల మీద పెట్టారు.
ప్రాసెసర్లు రెండు. కోర్లు అరవై నాలుగు.
పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, ర్యామ్
విస్తరి మూల ఉప్పు వేసినంత.
"కొండను కొంటన్నారు మేడమ్, పదేళ్ళు ఎనక్కి సూడక్కర్లేదు"
అన్నారాయన, బిస్కెట్టు విరిగి టీలో మునిగిపోయినా
పట్టించుకోకుండా.

మా దగ్గరున్నది పాత డబ్బా.
దాని మీద నడిచేది సికిల్ సెల్ శిబిరాల అప్లికేషను.
కాశీపూర్ నుంచి, మునిగుడ నుంచి, కల్యాణసింగ్‌పూర్ నుంచి
అద్దం మీద ఆరిన నెత్తుటి చుక్కలు
ఒక్కొక్కటీ రెండు జీబీల బొమ్మలై వస్తాయి.
ఘాట్‌లో సిగ్నలు దొరికే మలుపులు నాలుగే.
సోమవారం పదకొండింటికి
వ్యాన్లన్నీ ఆ మలుపుల్లోనే ఆగుతాయి.
పదకొండూ పదికి సర్వరు పడిపోతుంది.
లాగులో ఒకటే వాక్యం:
మెమరీ లేదు, ప్రాసెసును చంపాను.
చంపినవాడు ఇంత మర్యాదగా ఒప్పుకోవడం
నేనింకెక్కడా చూడలేదు.

మూడు రాత్రులు గ్రాఫులు చూశాను.
ఉన్న ఎనిమిది కోర్లూ కాళ్ళు చాపుకుని కూర్చున్నాయి.
డిస్కు ఒక్కటే రొప్పుతోంది.
మెమరీ నిండి, పొంగి, స్వాపులోకి పొర్లుతోంది.
ఇంకో యాభై కోర్లు కొంటే
ఇంకో యాభై మంది కూర్చుంటారు, అంతే.

అకౌంట్సు బెహరాబాబు ఫారం తిప్పి చూపించాడు.
"తక్కువ రేటు వాడిదే తీసుకోవాలి, ఆజ్ఞా.
వేరేది కావాలంటే ఇక్కడ కారణం రాయాలి."
నా చిటికెన వేలంత గడి.

మధ్యాహ్నం కరెంటు పోయింది.
లచ్చిమి కద్రక మైక్రోస్కోపుని కిటికీ దగ్గరకి జరిపి
కింది అద్దంతో ఎండ పట్టుకుంది.
"అంత స్లైడూ ఎలా చూస్తావు?" అన్నాను, ఊరికే.
"అంతా ఎవరు చూస్తారు?
ఒక ఫీల్డు చూస్తాను. జరుపుతాను. ఇంకో ఫీల్డు.
కొడవలి కనబడితే ఆగుతాను."
కన్ను తియ్యకుండానే చెప్పింది.

నా కోడు మాత్రం
వేలిగోరంత బొమ్మ చూపించడానికి
స్లైడు మొత్తాన్నీ ప్రతిసారీ నోట్లో కుక్కుకుంటోంది.
రాసింది నేనే, నాలుగేళ్ళ కిందట.
తిట్టుకోవడానికి ఇంకో మనిషి కూడా లేడు.

ఆ రాత్రి స్లైడుని చిన్న చిన్న పలకలుగా కోశాను.
సోమవారం పదకొండూ పది దాటింది. ఇరవై దాటింది.
లచ్చిమికి చెబుదామని లేచాను.
పదకొండూ నలభైకి పడిపోయింది.

అయితే ఎంత చాలదో ఇప్పుడు తెలుసు.
పదహారు కోర్లు. మెమరీ మాత్రం రెండు వందల యాభై ఆరు,
ఒక పలక వెచ్చగా ఉండగానే ఇంకోటి పట్టేలా.
వేగం గల డిస్కులు రెండు,
ఒకటి రాసిందే రెండోదీ రాసుకోవాలి,
పరీక్షలో పక్క బెంచీ పిల్లల్లా.
లినక్సు, పోస్ట్‌గ్రెస్. లైసెన్సుకి పోని డబ్బు బ్యాటరీకి.
"క్లౌడు ఎందుకు కాదు?" అన్నారు డాక్టరు శుభదర్శిని.
వానాకాలం ఘాట్‌లో మట్టి జారితే
బస్సుతో పాటు కేబులూ ఆగిపోతుందన్నాను.
రాత్రి కాపీ ఒకటి పైకి పంపుదాం,
పగటి పని ఇక్కడే.

భుజంగరావుగారు ఫోన్లో నొచ్చుకున్నారు:
"ఏనుగొద్దని అంకుశాలు కొంటన్నారేటమ్మా?"

గడిలో మూడు మాటలే పట్టాయి:
ఒకేసారి మొత్తం చూడం.
బెహరాబాబు రెండుసార్లు చదివాడు.
కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివాడు.
"ఇది కారణమా, ఆజ్ఞా?"

జవాబు వెతుక్కుంటున్నాను.
పక్క గదిలో, కిటికీ దగ్గర,
స్లైడు జరుపుతున్న లచ్చిమి చెయ్యి
ఆగింది.